అచ్చుతప్పా, తర్వాత తగిలిన దెబ్బా?

1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిన ఒక సెంటు నాణెం గురించి నాణేలు సేకరించేవాళ్ళలో తెలియనివారు అరుదు. లింకన్ బొమ్మ ఉన్న వైపు సంవత్సరం, 'లిబర్టీ' అన్న మాట, పైనున్న నినాదం అన్నీ రెండేసి కనిపిస్తాయి. భూతద్దం కూడా అక్కర్లేదు. అరచేతిలో పెట్టుకుని చూస్తే చాలు, మన చూపే మసకబారిందేమో అనుకుంటాం. అలాంటివి 20,000కు పైగా జనంలోకి వెళ్ళాయని అంచనా.

అదే ఏడాది పుట్టిన మరో రకం సెంటు ఉంది. దానిలో చివరి 5 పక్కన ఇంకో 5 నీడలా ఉంటుంది. తొలిసారి చూసినవాళ్ళకు ఈ రెండూ ఒక తల్లి పిల్లలే అనిపిస్తాయి. కానీ మొదటిది అచ్చు తయారవుతున్నప్పుడే దొర్లిన పొరపాటు. రెండోది కొట్టి కొట్టి అరిగిపోయిన అచ్చు వదిలిన చారిక. మొదటిదాన్ని డబుల్డ్ డై అంటారు, దాని కోసం వేలంలో పోటీలు పడతారు. రెండోదానికి 'పేదవాడి డబుల్డ్ డై' అని పేరు పెట్టి పక్కన పెడతారు.

వింతగా కనిపించే నాణెం దొరికినప్పుడు అందరూ మొదట వేసే ప్రశ్న "ఇది అరుదైనదేనా?" అని. ఆ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికితే దారి తప్పుతాం. దానికన్నా ముందు అడగాల్సింది ఇది: టంకశాలలో ఏ యంత్రం దగ్గర, ఏ క్షణంలో ఇలా జరిగి ఉంటుంది? ఆ క్షణాన్ని మాటల్లో వర్ణించగలిగితే అది నిజమైన అచ్చుతప్పు అయ్యే అవకాశం ఉంది. ఎంత ఆలోచించినా అలాంటి క్షణం ఊహకు అందకపోతే, ఆ గుర్తు నాణెం టంకశాల గడప దాటాక పడిందే. నేను ఇన్నేళ్ళుగా నాణేలు పరీక్షిస్తూ నమ్ముకున్న పద్ధతి ఇదొక్కటే. కాబట్టి నాణెం ఎలా పుడుతుందో ముందు తెలియాలి.

పుట్టుకలో మూడు మలుపులు

పెద్ద లోహపు రేకును కావలసిన మందానికి సాగగొట్టి, దానిలోంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, కడుగుతారు. తర్వాత ఒక యంత్రంలో దొర్లిస్తూ అంచులను నొక్కుతారు. దాంతో బిళ్ళ చుట్టూ చిన్న గట్టు లేస్తుంది. ఇది మొదటి మలుపు. ఇక్కడ జరిగే తప్పులన్నీ బిళ్ళకు సంబంధించినవి: సగం కత్తిరింపు, తక్కువ మందం, లోహంలో మలినం, వేరే నాణెం కోసం చేసిన బిళ్ళ వచ్చి కలవడం.

రెండో మలుపు అచ్చు తయారీ. నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించే బొమ్మ అచ్చులో గుంటగా ఉండాలి. ఉబ్బెత్తు బొమ్మ ఉన్న ఒక ఉక్కు దిమ్మెతో, దాన్ని హబ్ అంటారు, మెత్తని ఉక్కు మీద బలంగా నొక్కితే గుంటబొమ్మ ఏర్పడుతుంది. దాన్ని గట్టిపరిస్తే అదే అచ్చు, వాడుకలో డై. ఈ నొక్కడం పాతకాలంలో ఒకసారితో పూర్తయ్యేది కాదు. నొక్కాక ఉక్కును మళ్ళీ కాల్చి మెత్తబరిచి, మళ్ళీ అదే చోట నొక్కాల్సి వచ్చేది.

మూడోది కొట్టడం. పాత కంసాలి దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టినట్టే, ఇప్పటి యంత్రంలోనూ కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు. మధ్యలో బిళ్ళ. చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం. పదుల టన్నుల ఒత్తిడి పడగానే లోహం మెత్తని ముద్దలా అచ్చుల గుంటల్లోకీ, వలయం గళ్ళలోకీ పారుతుంది. అంచు మీది గళ్ళు పడేది ఆ వలయం వల్లే. ఆధునిక యంత్రాలు నిమిషానికి 700కు పైగా నాణేలు ఇలా కొట్టగలవు. అంత వేగంలో అప్పుడప్పుడూ ఒక బిళ్ళ పక్కకు జరగడం, కొట్టిన నాణెం బయటికి పోకుండా అక్కడే ఉండిపోవడం సహజం.

ఇందులోంచే ముఖ్యమైన విభజన ఒకటి పుడుతుంది. లోపం అచ్చులోనే ఉంటే ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నిటి మీదా అదే లోపం, అదే చోట, అదే తీరులో ఉంటుంది. దీన్ని వెరైటీ అంటారు. కొట్టేటప్పుడు జరిగిన ప్రమాదమైతే ఆ ఒక్క నాణేనికే పరిమితం, అచ్చంగా అలాంటిది మరొకటి ఉండదు. వీటిని ఎర్రర్లు అంటారు. ఈ తేడా పరిశీలకుడి చేతికి మంచి ఆయుధం ఇస్తుంది. మీ చేతిలో ఉన్నది వెరైటీ అనుకుంటున్నారా? అయితే దానికి తోబుట్టువులు ఉండి తీరాలి. లోకంలో ఇంకెక్కడా అలాంటిది కనబడలేదంటే అది వెరైటీ అయ్యే అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఉబ్బెత్తా, గుంటా?

నాణెం మీద అనుమానంగా ఒక గీత కనబడింది. మొదట చూడాల్సింది అది పైకి లేచిందా, లోపలికి దిగిందా అని. అచ్చుకు పగులు వస్తే ఆ పగులులోకి లోహం పారుతుంది, కాబట్టి నాణెం మీద అది లేచిన గీతగా వస్తుంది. అచ్చు మీద ఎవరైనా పొరపాటున గీరినా అంతే, నాణెం మీద లేచిన గీత. నాణెం మీదే ఎవరైనా గీరితే మాత్రం గీత లోపలికి దిగుతుంది, తవ్విన లోహం గీతకు ఇరువైపులా గట్లుగా పేరుకుంటుంది. పొలంలో నాగటిచాలుకు రెండు పక్కలా మట్టి లేచినట్టు. ఆ గట్లు కనిపించాయంటే ఇంకేమీ చూడనక్కర్లేదు.

దీన్ని గుర్తుపట్టడానికి దీపం ఒకపక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పాలి. పైనుంచి నేరుగా వెలుతురు పడితే గుంట గుట్టలా, గుట్ట గుంటలా కనిపించి మోసం చేస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో జరిగే పొరపాట్లలో సగం ఇలాంటివే.

అచ్చు అంచు ముక్క విరిగి ఊడిపోతే, ఆ ఖాళీలోకి లోహం పారి నాణెం అంచు దగ్గర బొమ్మాలేని, అక్షరమూ లేని ఒక ముద్దలా లేస్తుంది. దీన్ని కడ్ అంటారు. దీని అసలుతనం తెలుసుకోవాలంటే నాణెం తిప్పి చూడాలి. ఒకవైపు లోహం అంతా ఆ ఖాళీలోకి పోయింది కాబట్టి, సరిగ్గా దాని వెనక చోట బొమ్మ నిండక వెలవెలబోతుంది. ఒకవైపు ముద్ద ఉండి, వెనకవైపు అక్షరాలు పదునుగా చెక్కుచెదరకుండా ఉన్నాయంటే అనుమానించాలి. బయటినుంచి అతికించిన లోహమో, పక్కనుంచి నెట్టుకొచ్చిన లోహమో అయి ఉంటుంది.

రెండుగా కనిపించే అక్షరాలు

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. అక్షరాలు రెండుగా కనబడటానికి బోలెడు కారణాలుంటాయి. నిజమైన డబుల్డ్ డై అందులో అతి తక్కువ శాతం.

డబుల్డ్ డైలో జరిగేది ఇది. అచ్చును మొదటిసారి నొక్కారు. కాల్చి, మళ్ళీ నొక్కడానికి తెచ్చినప్పుడు హబ్ వెంట్రుకవాసి పక్కకు తిరిగింది. ఇప్పుడు అచ్చులో ఒక్కో అక్షరానికి రెండు గుంటలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి. నాణెం మీద ఆ రెండు అక్షరాలూ పూర్తి ఎత్తుతో, గుండ్రంగా, నిండుగా లేస్తాయి. అక్షరం మూలలు చూడండి. 'టి' లాంటి రోమన్ అక్షరాల కొమ్ముల చివర చీలిపోయి, పాము నాలుకలా రెండు కొసలు ఉంటాయి. ముఖ్యంగా, మొత్తం అక్షరం మామూలుకన్నా వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే అదనంగా ఇంకో అక్షరం వచ్చి చేరింది.

యంత్రం వదులైతే వచ్చే డబ్లింగ్ వేరు. నాణెం కొట్టడం అయిపోయింది, అక్షరాలు లేచాయి. ఆ మరుక్షణం అచ్చు వెనక్కి పోతూ కాస్త పక్కకు కదిలి, అప్పుడే లేచిన అక్షరాన్ని ఒకవైపు చెక్కేసింది. చెక్కిన చోట మెట్టులా చదునైన అరుగు మిగులుతుంది. అక్షరం పక్కన అక్షరం ఉన్నట్టే అనిపిస్తుంది గానీ, అదనంగా ఏమీ రాలేదు. ఉన్న అక్షరంలోంచే కొంత పోయింది. అందుకే అసలు అక్షరం మామూలుకన్నా సన్నబడుతుంది. పాడవని కొత్త నాణెం మీద ఆ అరుగు తళతళా మెరుస్తుంది. కొమ్ముల చివర చీలిక ఉండదు. మామూలు నాణెం ఒకటి పక్కన పెట్టి అక్షరం వెడల్పు పోల్చితే, పెరిగిందా తరిగిందా అన్న ఆ ఒక్క ప్రశ్నతోనే చాలాసార్లు తేలిపోతుంది.

మూడోది అచ్చు అరుగుదల. లక్షల నాణేలు కొట్టాక ఉక్కు కూడా అలసిపోతుంది. లోహం అంచువైపు పారిపారి గుంటల అంచులు కోసుకుపోతాయి. అప్పుడు అక్షరం చుట్టూ మెత్తటి, మసకైన రెండో ఆకారం వస్తుంది. దాంతోపాటు ఖాళీ స్థలమంతా కమలాపండు తొక్కలా గరుకుగా, లేదా మధ్యలోంచి అంచువైపు కిరణాల్లా సాగిన సన్నని చారలతో నిండి ఉంటుంది. మొదట చెప్పిన 'పేదవాడి' 1955 సెంటు ఈ జాతిదే. డబుల్డ్ డైలో పొరపాటు అచ్చు పుట్టిన రోజునే జరిగింది కాబట్టి, దాని తొలి నాణేల్లో అక్షరం రెండుగా ఉండి నేపథ్యం నున్నగా ఉంటుంది. చుట్టూ అరిగిన గుర్తులుండి అక్షరం కూడా మసకగా ఉంటే ఆశ పెట్టుకోకండి.

ఈ వెరైటీలకు అచ్చు వదిలిన చిన్న చిన్న ఆనవాళ్ళు కూడా ఉంటాయి. 1955 సెంటులో బొరుసు వైపు 'సెంట్' అన్న మాటలోని 'టి' ఎడమ పక్కన వెంట్రుకల్లాంటి సన్నని గీతలుంటాయి, అచ్చును మెరుగు పెట్టినప్పుడు పడినవి. దొంగ నాణేలు చేసేవాళ్ళు రెండేసి అక్షరాలను అనుకరిస్తారు గానీ, ఎవరూ పట్టించుకోని వెనకవైపు ఇలాంటి గీతలను చాలాసార్లు మరిచిపోతారు. వేలిముద్ర తుడవడం మరిచిన దొంగ గుర్తొస్తాడు నాకు.

నాణేన్నే యంత్రంలో రెండుసార్లు కొట్టిన సందర్భం పూర్తిగా వేరే సంగతి. రెండో దెబ్బ పడిన చోట మొదటి బొమ్మ అణిగిపోవాలి. తాజా బొమ్మ కింద పాత బొమ్మ అవశేషాలు నలిగి కనిపిస్తాయి. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి ఉండి కూడా ఏదీ నలగకపోతే అది లోహం స్వభావానికే విరుద్ధం.

బిళ్ళలోని లోపాలు

రేకు సరిగా ముందుకు జరగక, అప్పటికే కత్తిరించిన రంధ్రం మీద మళ్ళీ కత్తి పడితే బిళ్ళకు ఒకపక్క చంద్రవంకలా కొంత తక్కువవుతుంది. దీన్ని క్లిప్ అంటారు. ఆకురాయి పట్టి ఇంట్లో కూడా ఇలా కొరికినట్టు చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. కానీ ఇంట్లో చేసినవాడు ఒక సంగతి తప్పించుకోలేడు. బిళ్ళ అంచుకు గట్టు లేపే యంత్రంలో నొక్కుడు ఒకేసారి ఎదురెదురు పక్కల పడుతుంది. ఒకపక్క లోహం లేకపోతే, సరిగ్గా దాని ఎదురుగా ఉన్న అంచుకు ఊతం దొరకదు, గట్టు సరిగా లేవదు. అందుకే అసలైన క్లిప్‌కు ఎదురుగా ఉన్న అంచు బలహీనంగా, కొన్నిసార్లు దాదాపు మాయమై ఉంటుంది. దీనికి బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అని పేరు. ఇది ప్రతి క్లిప్‌లోనూ స్పష్టంగా కనబడాలని లేదు, కానీ కనబడితే చాలా బలమైన సాక్ష్యం.

ఇంకో గుర్తు క్లిప్ పక్క అక్షరాల్లో ఉంటుంది. కొట్టేటప్పటికే అక్కడ లోహం లేదు కాబట్టి, ఒత్తిడికి లోహం ఖాళీవైపు పారుతుంది. అక్షరాలు ఆ దిక్కుగా సాగి, పలచబడి, మెల్లగా కరిగిపోయినట్టు ముగుస్తాయి. కొట్టాక కోసిన నాణెంలో అక్షరం నిండుగా నడుస్తూ వచ్చి కత్తితో తెగినట్టు ఠక్కున ఆగిపోతుంది.

లోహం పెచ్చులూడటం కూడా బిళ్ళ లోపమే. మిశ్రమంలో మలినం ఉంటే, రేకును సాగగొట్టినప్పుడు అది పలచటి పొరగా పరుచుకుని, తర్వాత గోడ సున్నం పెచ్చులా లేస్తుంది. ఊడిన చోట సాగిన దిక్కుగా నారలాంటి చారలుంటాయి. పదునైన దానితో గీకితే ఆ చారలు రావు, మెరిసే కోత వస్తుంది.

కొన్ని నాణేలను పలచటి బిళ్ళ మీద కొట్టినవని చెబుతుంటారు. యాసిడ్‌లో ముంచిన నాణెం కూడా పలచబడుతుంది, బరువు తగ్గుతుంది. కానీ యాసిడ్ అన్ని వైపులా సమానంగా తింటుంది. మందంతో పాటు చుట్టుకొలత కూడా తగ్గుతుంది, అక్షరాలు సబ్బుబిళ్ళ మీద అక్షరాల్లా కరుగుతాయి. నిజంగా పలచటి బిళ్ళ మీద కొడితే కాలర్ వలయం వల్ల వ్యాసం మామూలుగానే వస్తుంది, లోహం చాలక ఎత్తైన భాగాలు మాత్రం నిండవు.

లేనిది కనిపించడం కన్నా, ఉండాల్సింది లేకపోవడం కష్టం

ఒక అక్షరమో గుర్తో లేకపోతే దాని వెనక మూడు కథల్లో ఏదైనా ఉండొచ్చు. అచ్చులోనే లేదు. అచ్చులో ఉంది గానీ గుంటలో గ్రీజు, మురికి నిండింది. లేదా నాణెం మీద వచ్చాక ఎవరో తీసేశారు. చూపుకు మూడూ ఒకటే, విలువలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

1982లో అమెరికాలో కొన్ని డైమ్ (పది సెంట్ల) నాణేల మీద ఉండాల్సిన ఫిలడెల్ఫియా గుర్తు 'పి' లేకుండా పోయింది. ఆ రోజుల్లో టంకశాల గుర్తును ప్రతి అచ్చు మీదా విడిగా కొట్టేవారు, ఒక అచ్చు మీద కొట్టడం మరిచిపోయారు. అది వెరైటీ. 1989 నాటి కొన్ని క్వార్టర్ (పాతిక సెంట్ల) నాణేల మీద కూడా 'పి' కనబడదు. అక్కడ అచ్చులో గుర్తు ఉంది, గ్రీజు కప్పేసింది. జాగ్రత్తగా చూస్తే కొన్నిటి మీద దాని మసక ఆనవాలు కనిపిస్తుంది. గ్రీజు నిండిన చోట నాణెం ఉపరితలం మెత్తగా, నున్నగా, చుట్టుపక్కల ఉపరితలంతో కలిసిపోయి ఉంటుంది. చేత్తో తీసేసిన చోట రాపిడి గీతలు, కాస్త గుంట, మెరుపులో తేడా ఉంటాయి.

1922 సెంటు కథ దీనికన్నా జటిలం. ఆ ఏడాది సెంట్లు కొట్టింది డెన్వర్ టంకశాల ఒక్కటే. కాబట్టి ప్రతి సెంటు మీదా 'డి' ఉండాలి. కానీ అచ్చులు బాగా అరిగిపోయి కొన్నిటి మీద ఆ గుర్తు మాయమైంది. ఎక్కువ మంది కోరేది 'డి' పూర్తిగా లేకుండా, బొమ్మ వైపు నీరసంగా ఉండి, బొరుసు వైపు మాత్రం పదునుగా ఉన్న రకం. బొరుసు పదును ఎందుకు ముఖ్యం అంటే, అక్కడ కొత్త అచ్చు పెట్టి, బొమ్మ వైపు పాత అచ్చునే ఉంచారని అది సాక్ష్యం చెబుతుంది. 'డి'ని చెక్కేసి అమ్మే మోసగాడు తన నాణెం మీద ఆ జోడీని ఎక్కడినుంచి తేగలడు?

మూడు కాళ్ళ దున్న సంగతీ ఇంతే. 1937లో డెన్వర్‌లో కొట్టిన కొన్ని నికెల్ (అయిదు సెంట్ల) నాణేల మీద బైసన్ ముందుకాలు ఒకటి లేదు. అచ్చు మీద పడిన గుర్తులను తుడవబోయి ఎవరో ఎక్కువగా అరగదీశారు. అచ్చు ఉపరితలం తగ్గితే ముందు మాయమయ్యేవి లోతులేని గుంటలు. లోతుగా ఉన్నవి మిగులుతాయి. అందుకే కాలు పోయినా డెక్క మిగిలింది. అసలు నాణెంలో పొట్ట కింద నేలవైపు చిన్న చిన్న బుడిపెల వరుస కూడా ఉంటుంది, అవి ఆ అచ్చు గుర్తులు. మామూలు నాణెం మీద కాలు గీకేసిన నకిలీలో ఈ బుడిపెలు ఉండవు, ఎందుకంటే గీకడం వల్ల లోహం పోతుందే కానీ కొత్తగా లేవదు.

తూకం అబద్ధం చెప్పదు

భూతద్దం కన్నా ముందు గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు కొనండి అని చెబుతాను. కొన్ని వివాదాలు దాని మీద పెట్టగానే ముగిసిపోతాయి.

రెండో ప్రపంచయుద్ధంలో రాగి అవసరమై, 1943లో అమెరికా సెంట్లను జింకు పూసిన ఉక్కుతో కొట్టారు. ముందు ఏడాది కంచు బిళ్ళలు కొన్ని మిగిలిపోయి, వాటి మీద కూడా 1943 అచ్చు పడింది. ఆ కొద్ది నాణేలే రాగిరంగు 1943 సెంట్లుగా పేరుపొందాయి. వాటిని అనుకరించడం సులువు కాబట్టి ఉక్కు సెంట్లకు రాగిపూత వేసినవి లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. అయస్కాంతం పెట్టండి, అతుక్కుంటే ఉక్కే. తూకం వేయండి, కంచుదైతే 3.11 గ్రాములు, ఉక్కుదైతే 2.7 గ్రాముల దగ్గర ఉంటుంది. కంచుతోనే చేసిన ఇంకో మోసం ఉంది. 1948 సెంటులో 8 అంకెను చెక్కి 3గా మార్చడం. దానికి అయస్కాంతం, త్రాసు రెండూ పనికిరావు. అసలు 1943లో 3 తోక మిగతా అంకెల కన్నా కిందికి దిగి ఉంటుంది, 8లోంచి తీసిన 3కు అంత తోక రాదు.

పొరల నాణేలలో, అంటే రాగి మీద ఇరువైపులా రాగి-నికెల్ పొర అద్దిన వాటిలో, ఒక పొర లేకుండా కొడితే ఒకవైపు ఎర్రగా ఉంటుంది. నేలలో చాన్నాళ్ళు పడి ఉన్న నాణెం కూడా ఎర్రబారుతుంది, చిలుము పట్టి రంగు మారుతుంది. అమెరికా క్వార్టర్ బరువు 5.67 గ్రాములు. దానిలో ఒక్కో పై పొర సుమారు ఆరో వంతు. పొర నిజంగా లేకపోతే దాదాపు ఆరో వంతు బరువు తగ్గాలి. 5.6 చూపించిందంటే అది మట్టి రంగే.

చూపును ఎక్కువగా మోసం చేసే దెబ్బలు

బట్టలు ఆరబెట్టే యంత్రం సందులో నెలల తరబడి ఇరుక్కున్న నాణెం గుర్తుపట్టలేనంతగా మారుతుంది. డ్రమ్ము తిరిగిన ప్రతిసారీ అంచు మీద దెబ్బ పడి, గట్టు లోపలికి వంగి, గుండ్రంగా నున్నబడి, అంచు దగ్గర అక్షరాలు సన్నగా చిక్కిపోతాయి. నాణెం కాస్త చిన్నదిగా, మందంగా అవుతుంది. చిన్న బిళ్ళ మీద కొట్టారేమో అనుకుంటారు. మధ్యలో బొమ్మ మామూలు పరిమాణంలోనే ఉండి, చుట్టూ మాత్రమే ముడుచుకుపోయి ఉందంటే అది ఆ యంత్రం పనే. నాణేలు లెక్కపెట్టి కట్టలు కట్టే యంత్రాలు కూడా ఒక్కోసారి ముఖం మీద పూర్తి వృత్తాకారంలో గీత తిప్పేస్తాయి. వృత్తం అంత గుండ్రంగా ఉందంటే మనిషి చేసి ఉండడు, టంకశాలే చేసి ఉంటుంది అని వాదించినవాళ్ళను చూశాను. యంత్రం చేసిందన్నంత వరకు నిజం, ఆ యంత్రం టంకశాలలోది మాత్రం కాదు.

రెండు నాణేలను వైస్‌లో, అంటే మరతో బిగించే ఇనుప పట్టులో, బిగించి నొక్కితే ఒకదాని బొమ్మ రెండోదాని మీద తిరగేసిన గుంటగా పడుతుంది. ఇది అచ్చం బ్రాకేజ్‌లా ఉంటుంది. బ్రాకేజ్ అంటే ముందు కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుపోయి, తర్వాతి బిళ్ళను అదే అచ్చులా నొక్కడం. అసలైన బ్రాకేజ్‌లో ఆ వైపు ఒకే బొమ్మ ఉంటుంది, తిరగేసినది. అది నిండుగా, పదునుగా ఉండొచ్చు. వైస్‌లో చేసినదానిలో తిరగేసిన బొమ్మ కింద అసలు బొమ్మ అణిగిపోయి కనిపిస్తుంది. ఆ వైపు ఒకసారి అచ్చు పడ్డాకే ఇంకో బొమ్మ పడిందని అది చెప్పేస్తుంది.

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణేలు దాదాపు అన్నీ గారడీవాళ్ళ కోసం చేసినవి. ఒక నాణెం లోపల తొలిచి, ఇంకోదాని ముఖాన్ని పలచగా కోసి అందులో బిగిస్తారు. గట్టు లోపలి అంచు వెంబడి భూతద్దంతో చూస్తే సన్నని అతుకు దొరుకుతుంది, నేల మీద వేస్తే మోత కూడా తేడాగా ఉంటుంది. రెండు వేర్వేరు నాణేల అచ్చులు నిజంగానే కలిసిపోయిన సందర్భాలు ఉన్నాయి. 2000లో అమెరికాలో క్వార్టర్ బొమ్మ వైపు, డాలర్ బొరుసు వైపు కలిసి కొట్టిన నాణేలు బయటపడ్డాయి. బ్రిటన్‌లో 2008లో నమూనా మారి, తేదీ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు వెళ్ళినప్పుడు పాత అచ్చు, కొత్త అచ్చు జతకూడి రెండువైపులా తేదీ లేని 20 పెన్స్ నాణేలు వచ్చాయి. వీటిని మ్యూల్ అంటారు. వీటికి అతుకు ఉండదు, తూకం సరిపోతుంది, అంచు సహజంగా ఉంటుంది.

అసలు ఏ లోపమూ లేని నాణేలను అచ్చుతప్పుగా పొరబడటం కూడా ఎక్కువే. అమెరికా నాణేన్ని పక్కకు తిప్పితే వెనకబొమ్మ తలకిందులుగా ఉంటుంది, బ్రిటన్ నాణెం తిప్పితే నిటారుగా ఉంటుంది. ఏ దేశపు ఆనవాయితీ దానిది. ఆనవాయితీ తెలియక ఒకదేశం నాణేన్ని ఇంకోదాని కొలతతో చూస్తే ప్రతి నాణెమూ తప్పుగానే కనిపిస్తుంది. బ్రిటన్ 2 పెన్స్ మీద 'న్యూ పెన్స్' అని ఉంటే అరుదైనదని ఒక మాట ప్రచారంలో ఉంది. 1971 నుంచి 1981 వరకు అన్నిటి మీదా అలాగే ఉంటుంది. 1982లో మాట మారింది. 1983 తేదీతో, సేకరించేవాళ్ళ కోసం చేసిన సెట్లలో పొరపాటున పాత మాటతో వచ్చినవే అరుదు.

ఇక పరికరాల సంగతి. పదిరెట్లు పెంచే లూప్ అనే చిన్న భూతద్దం చాలు. వంద రెట్ల సూక్ష్మదర్శిని కింద పెడితే ప్రతి అక్షరం పక్కనా ఏదో నీడ కనిపిస్తుంది, ప్రతి గీతా పగులే అనిపిస్తుంది. కొత్తవాళ్ళు అక్కడే ఉత్సాహపడి, అక్కడే నిరాశపడటం చూస్తే బాధేస్తుంది. అంచును తప్పకుండా చూడండి. బొమ్మ, బొరుసు మాత్రమే చూసేవాళ్ళు మూడో ముఖాన్ని వదిలేస్తారు. కాలర్ లేకుండా కొట్టినది, వైస్‌లో నలిగినది, ఆకురాయి పట్టినది, అతికించినది అన్నీ అక్కడే బయటపడతాయి. అనుమానం తీరేవరకు తోమకండి. మురికి కింద ఏముందో తెలుసుకోవాలన్న ఆత్రంలో రుద్దితే, కొత్త గీతలు పాత సాక్ష్యం మీద పడతాయి. ఏ గీత ఎప్పటిదో ఆ తర్వాత ఎవరూ తేల్చలేరు.

అన్నిటికన్నా నాకు ఎక్కువ నేర్పింది దెబ్బతిన్న నాణేల పెట్టె. వైస్‌లో నలిగినదొకటి, యాసిడ్‌లో ముంచినదొకటి, ఆరబెట్టే యంత్రంలో దొర్లినదొకటి, ఎండలో రంగు మారినదొకటి, అన్నిటికీ చిన్న చీటీలు రాసి ఉంచాను. పక్కనే ఆయా సంవత్సరాల మామూలు నాణేలు. కొత్తగా ఏదైనా నాణెం చేతికొస్తే ముందు ఆ పెట్టె తెరుస్తాను. అందులో దానికి జోడీ దొరికితే అక్కడే చీటీ రాసి పెట్టేస్తాను. దొరకనప్పుడు మాత్రమే త్రాసు, లూప్, పక్కదీపం తీసి కూర్చుంటాను.